పీకే ముందు రాసిపెట్టండి: వయ్యారిభామ గురించి నా మాట



పై వీడియోలో చూపించిన మొక్క మీ అందరికీ తెలిసిందే. వయ్యారిభామ అంటాం, కాంగ్రెస్ గడ్డి అంటాం, కొన్ని ఊళ్ళల్లో క్యారెట్ గడ్డి అంటారు. శాస్త్రవేత్తలు పార్థీనియం అంటారు. దీన్ని ఎలా పీకాలి, ఎప్పుడు పీకాలి అనే వీడియోలు బోలెడు ఉన్నాయి. నేను చెప్పదల్చుకుంది వేరే. ఈ మొక్క మన జిల్లాలో ఎక్కడ ఉందో, ఎక్కడ ఇంకా లేదో, ఏ దారిన వస్తోందో మనం కాగితం మీద పెట్టడం లేదు. అది పెట్టనంత కాలం పీకుడు పని ఏటా చేస్తూనే ఉంటాం, మొక్క ఏటా వస్తూనే ఉంటుంది.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా దేశమంతా పార్థీనియం అవగాహన వారం జరుగుతుంది. బడి పిల్లలు, అధికారులు, మనలాంటి వాళ్ళం కలిసి ఓ రోడ్డు పక్కన పీకుతాం, ఫొటో దిగుతాం. పీకడం తప్పని అనను. కానీ ఆ వారం అయిపోయాక ఎన్ని ఊళ్ళు చూశాం, ఏ గట్టు మీద ఎంత ఉంది, నిరుటికి ఇప్పటికి పెరిగిందా తగ్గిందా అని అడిగితే చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది?

నేను అనంతపురం రైతుని కాబట్టి ఈ మొక్క మాకు ఏం చేసిందో ముందు చెప్పాలి. 2000వ సంవత్సరం ఖరీఫ్‌లో మా జిల్లాలో చెనక్కాయ చేలు నిలువునా మాడిపోయాయి. లేత ఆకుల మీద మచ్చలు, కొమ్మలు నల్లబడడం, ఆ తర్వాత మొక్క చావడం. దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో తెగులు కనిపించింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని లెక్క తేల్చారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశోధించి అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. కాండం కుళ్ళు తెగులు అని మనం పిలిచేది దాన్నే.

ఆ వైరస్ దాక్కునే ఇల్లు వయ్యారిభామ. ఆ మొక్కకు వైరస్ సోకినా జబ్బు లక్షణాలు పైకి కనిపించవు, పచ్చగా పూలతో నవ్వుతూ ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని, గాలితో పాటు చెనక్కాయ చేలోకి వస్తాయి. అవి ఆకు గీరినచోట పుప్పొడిలోని వైరస్ లోపలికి దిగుతుంది. అంటే జబ్బు మొదలయ్యేది చేలో కాదు, గట్టు మీద, బాట పక్కన, బీడులో. అదే వైరస్ పొద్దుతిరుగుడుకు కూడా వస్తుంది.

ఇది తెలిశాక గట్ల మీద వయ్యారిభామ ఎంత ఉంది అనేది చెనక్కాయ రైతుకు వాన ఎంత పడింది అన్నంత ముఖ్యమైన లెక్క. వాన లెక్క ప్రతి మండలంలో రాస్తారు. ఈ-పంటలో ఏ సర్వే నంబరులో ఏ పంట వేశామో ఫొటోతో సహా ఎక్కిస్తారు. ఒక్క సీజన్‌లో 300 కోట్లు తినేసిన జబ్బుకు ఇల్లయిన మొక్కకు మాత్రం ఎక్కడా గడి లేదు.

పంట ఒక్కటే కాదు. కలుపు తీసే ఆడవాళ్ళ చేతులు, మెడ, ముఖం దద్దుర్లతో నిండిపోయేది దీనివల్లే. పుప్పొడి పడనివాళ్ళకు తుమ్ములు, ఆయాసం. మేత దొరక్క పశువులు దీన్ని మేస్తే పాలు చేదెక్కుతాయి. మందు కొట్టని సేద్యంలో కలుపంతా చేత్తోనే తీస్తాం కాబట్టి, దీని బాధ ఇతర రైతుల కన్నా మన కూలీలకే ఎక్కువ. ఈ సంగతి మనం పైకి చెప్పుకోం.

ఇంతకీ ఇది ఎప్పుడొచ్చింది? మా ఊళ్ళో పెద్దోళ్ళని అడిగితే ఒకాయన రోడ్డు పడ్డప్పుడు కంకరతో వచ్చిందంటాడు, ఇంకొకాయన కరువులో బయటి నుంచి తెచ్చిన గడ్డితో అంటాడు, మూడో ఆయన అమెరికా గోధుమలతో అంటాడు. సంవత్సరం మాత్రం ఎవరూ చెప్పలేరు.

గోధుమల కథ దేశమంతా చెప్పుకునేదే. 1950ల మధ్యలో పుణెలో ఈ మొక్కను గుర్తించారు. పీఎల్-480 కింద అమెరికా గోధుమలు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. రెండూ కలిపి కథ అల్లుకుంది. కానీ 19వ శతాబ్దంలోనే మన దేశంలో సేకరించి, ఎండబెట్టి, తేదీ వేసి దాచిన వయ్యారిభామ నమూనాలు ఉన్నాయని తర్వాత బయటపడింది. గోధుమలతో కొత్త గింజలు వచ్చి ఉండొచ్చు, కానీ మొట్టమొదటి రాక మాత్రం వాటితో కాదు. ఎవరో ఒకాయన వందేళ్ళ కిందట ఒక కొమ్మ తుంచి, అట్ట మీద అంటించి, ఊరు, తేదీ రాయబట్టి మనకు నిజం తెలిసింది. రాసిపెట్టడానికి ఉండే బలం అది.

ఈ పనిని ఒక అలవాటుగా చేసిన దేశం బ్రిటన్. అక్కడ కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1852లో హ్యూవెట్ వాట్సన్ అనే వృక్షశాస్త్రవేత్త మొక్కల లెక్క కోసమే ఆ దేశాన్ని 112 భాగాలుగా విడగొట్టాడు. పాలన కోసం గీసిన కౌంటీ హద్దులు ఆ తర్వాత ఎన్నిసార్లు మారినా, మొక్కల లెక్కకు ఆ పాత గీతలే ఇప్పటికీ వాడతారు. లేకపోతే నూరేళ్ళ నాటి లెక్కతో నేటి లెక్కను పోల్చలేరు. రాసేవాళ్ళు ఎక్కువమంది జీతగాళ్ళు కారు. టీచర్లు, రిటైరైనవాళ్ళు, తోటలు పెంచేవాళ్ళు.

దానివల్ల వాళ్ళకేం తెలిసింది? సిసిలీ నుంచి తెచ్చిన ఒక పసుపు పూల మొక్క ఆక్స్‌ఫర్డ్ తోట గోడ దాటి, రైలు కట్ట మీది కంకరలో బతకడం నేర్చి, రైలు మార్గం వెంటే దేశమంతా ఎలా పాకిందో తెలిసింది. 1839లో మన హిమాలయాల నుంచి అందం కోసం పట్టుకెళ్ళిన ఒక మొక్క, మన ఇళ్ళల్లో పెంచే కాశీతుంబకు దగ్గర చుట్టం, అక్కడ వాగుల ఒడ్లను కమ్మేసింది. అది నీళ్ళ వెంట కిందికి పోతుందని తెలిశాక, పీకుడు పని వాగు పై నుంచి మొదలుపెట్టాలని అర్థమైంది. మనకు వయ్యారిభామ ఎలాగో వాళ్ళకు మన హిమాలయాల మొక్క అలాగ.

ఇక్కడ మన ప్రకృతి సేద్యం వాళ్ళల్లోనే కొందరు అడ్డుపడతారు. ప్రకృతిలో కలుపు అనేది లేదు, ప్రతి మొక్కకూ ఒక పని ఉంది, దాని పని అది చేసుకుంటుంది అంటారు. ఆ మాటలో సగం నేనూ ఒప్పుకుంటా. బయటి దేశం మొక్క అయినంత మాత్రాన శత్రువు కాదు. చెనక్కాయ వచ్చింది దక్షిణ అమెరికా నుంచే. మిరప, టమాటా, మొక్కజొన్న అన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే. చెయ్యి తెగితే ఆకు నలిపి రాసుకునే గడ్డిచామంతి కూడా అమెరికా ఖండం మొక్కే. ఎవరి పుట్టిల్లు ఏదని అడగడం నా ఉద్దేశం కాదు.

నేను అడిగేది వేరే: వచ్చిన చోట ఇది ఏం చేస్తోంది? సొంత గడ్డ మీద దీన్ని తినే పురుగులు, దీనికి పట్టే తెగుళ్ళు ఉన్నాయి కాబట్టి అదుపులో ఉంటుంది. ఇక్కడికి అవి లేకుండా ఒంటరిగా వచ్చింది. మొలిచిన నెల, నెలన్నరకే పూత. బాగా పెరిగిన ఒక్క మొక్క 15 వేలకు పైగా గింజలు రాలుస్తుంది. మట్టిలో కప్పడిన గింజ ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుంది. వేర్ల నుంచి, కుళ్ళిన ఆకుల నుంచి వదిలే రసాయనాలతో పక్క మొక్కల మొలకను అణచేస్తుంది. గట్టు మీద పది రకాల గడ్డి ఉన్నచోట ఇది ఒక్కటే మిగిలితే, దాన్ని ప్రకృతి అని పేరు పెట్టి వదిలేయడం నాకు నచ్చదు. వైవిధ్యం కావాలని మనమే అంటాం కదా?

రెండో అడ్డుమాట ఇంకా గట్టిది. "అంతటా ఉంది కదన్నా, ఇంక రాసేదేముంది?" అంటారు.

అంతటా లేదు. బండి మీద పోయేవాడికి అంతటా ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఇది ఎక్కువగా ఉండేది రోడ్డు పక్కనే. రోడ్డు దిగి లోపలి చేల గట్ల మీదికి పోతే ఒక్క మొక్క లేని చోట్లు దొరుకుతాయి. ఆ ఖాళీ చోట్లే మన ఆస్తి. గుబురుగా ఉన్నచోట పది మంది పది రోజులు పీకినా గింజ మట్టిలోనే ఉంటుంది. కొత్తగా అయిదు మొక్కలు వచ్చినచోట ఒక్క మనిషి అరగంటలో, పూత రాకముందే తీసేస్తే అక్కడితో ఆగుతుంది. ఆ అయిదు మొక్కలు కొత్తవా పాతవా అని తెలియాలంటే, నిరుడు అక్కడ "లేదు" అని ఎవరో ఒకరు రాసి ఉండాలి. "ఉంది" అని రాయడం ఎంత ముఖ్యమో, పోయి చూసి "లేదు" అని రాయడం అంతకన్నా ముఖ్యం.

రాయడం ఎలా అంటారా? పెద్ద చదువు అక్కర్లేదు. నాలుగు మాటలు చాలు: ఏ మొక్క, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. బ్రిటన్ వాళ్ళు చేసేదీ ఇంతే. దానికి మన అవసరం కోసం నేను ఇంకో మూడు చేరుస్తాను.

ఒకటి, మొక్క ఏ దశలో ఉంది: మొలకా, పూతా, గింజా? మొలక దశలో క్యారెట్ ఆకులా నేలకు పరుచుకుని ఉంటుంది, అప్పుడు పోల్చుకోవడం కష్టం. అనుమానం ఉంటే ఫొటో తీసి, అనుమానం అని రాసి, పూత వచ్చాక మళ్ళీ చూడండి.

రెండు, ఏ చోట: రోడ్డు అంచా, కాలువ గట్టా, దిబ్బా, పొలం గట్టా, నడి చేనా, మంద ఆగిన బీడా? వచ్చే దారి తెలిసేది ఈ ఒక్క గడితోనే. హంద్రీ-నీవా కాలువ గట్టు వెంట ఉంటే నీళ్ళతో వస్తున్నట్టు. కొత్త ఇంటి పునాది దగ్గర ఉంటే టిప్పర్ మట్టితో. దిబ్బ తోలిన చేలోనే ఉంటే కొని తెచ్చిన పశువుల ఎరువుతో. మూడింటికీ చేయాల్సిన పని మూడు రకాలు.

మూడు, ఆకుల మీద పెంకు పురుగు ఉందా? 1984లో బెంగళూరులో మెక్సికో నుంచి తెచ్చిన ఒక చిన్న పెంకు పురుగును వదిలారు. ఇది వయ్యారిభామ ఆకులు తిని బతుకుతుంది. వానల కాలంలో జోరుగా ఉంటుంది, ఆ కాలం పోయాక మట్టిలోకి దిగి నిద్రపోతుంది. అది ఎక్కడ ఉందో తెలిస్తే, లేని ఊరికి నాలుగు డబ్బాలు పట్టుకుపోవచ్చు. మందు కొట్టని మనకు ఇంతకన్నా మంచి కూలీ దొరకడు.

పాత అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది కానీ, గింజకు జిల్లా హద్దు తెలియదు కాబట్టి లెక్కకు పాత జిల్లానే తీసుకుందాం. అయిదు కిలోమీటర్ల పొడవు, అయిదు కిలోమీటర్ల వెడల్పు గళ్ళు గీస్తే సుమారు 765 గళ్ళు వస్తాయి. పాత మండలాలు 63. అంటే మండలానికి పన్నెండు గళ్ళు. ప్రకృతి సేద్యం చేసే రైతులు ఏ మండలంలోనైనా పన్నెండు మంది లేరా? ఒక్కొక్కరు ఒక్కో గడి తీసుకుని, తొలకరి తర్వాత ఒకసారి, చెనక్కాయ పీకే రోజుల్లో ఇంకోసారి చూసి రాస్తే చాలు. ఏడాదికి రెండు పూటల పని. ఒక షరతు: ప్రతి గడిలో రోడ్డు పక్క ఒక చోటు, రోడ్డుకు దూరంగా ఒక చోటు, నీళ్ళ దగ్గర ఒక చోటు తప్పకుండా చూడాలి. రోడ్డు ఒక్కటే చూసి రాస్తే అది మొక్క పటం కాదు, రోడ్డు పటం అవుతుంది.

ఇందులో మన సొంత పరీక్ష కూడా ఉంది, అది చెప్పకపోతే నిజాయితీ కాదు. ఏడాదిలో 365 రోజులూ నేల పచ్చగా కప్పి ఉంచితే కలుపు తగ్గుతుందని మనం ప్రతి మీటింగులో చెబుతాం. వానలకు ముందే నవధాన్యాలు చల్లి, ఖాళీ నేల లేకుండా చూస్తే వయ్యారిభామకు చోటు దొరకదని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఇది ఖాళీ నేలను, కదిలించిన నేలను వెతుక్కునే మొక్క. కానీ నమ్మకం వేరు, చూపించడం వేరు. పక్కపక్కన ఉన్న రెండు గట్లు, ఒకటి జొన్న, సజ్జ, కంది సాళ్ళతో కప్పినది, ఇంకోటి గీరి వదిలేసినది, వరసగా మూడేళ్ళు రాస్తే పక్క రైతుకు మనం ఉపన్యాసం ఇవ్వాల్సిన పని ఉండదు. ఒకవేళ లెక్క మన మాటకు ఎదురు వస్తే, అదీ రాయాలి. అప్పుడే మన మాటకు విలువ.

చేను చుట్టూ జొన్న, సజ్జ నాలుగు సాళ్ళు వేయడం కూడా ఇలాంటిదే. అది గాలితో వచ్చే తామర పురుగులను అడ్డుకుంటుందని శాస్త్రవేత్తలూ చెబుతారు, మనమూ చెబుతాం. కానీ గట్టు అవతల వయ్యారిభామ ఎంత ఉందో తెలియకుండా, ఏ వైపు ఎన్ని సాళ్ళు వేయాలో ఎలా తేల్చుకుంటాం?

జాగ్రత్తలు రెండు చెప్పి ముగిస్తాను.

మొదటిది, ఈ పటం ఎవరినీ దోషిగా నిలబెట్టేది కాకూడదు. ఫలానా వాళ్ళ చేలో ఉంది అని పేరు పెట్టి వాట్సాప్‌లో వేస్తే, మరుసటి ఏడు ఎవరూ తమ గట్టు మీదికి రానివ్వరు. రైతు పేరు వద్దు, గడి నంబరు చాలు. అయినా దీని పెద్ద పెద్ద గుబుర్లు ఎవరి నేలలో ఉంటాయో మీకు తెలుసు: రోడ్డు అంచులు, చెరువు కట్టలు, ఖాళీ ఆఫీసు ఆవరణలు. అవి ఉమ్మడి నేలలు. వాటి లెక్క గ్రామసభలో చదివితే, ఉపాధి పనుల్లో పూత రాకముందే తీయించమని అడిగే హక్కు మనకు వస్తుంది. లెక్క లేకుండా అడిగితే "చూద్దాంలే" అంటారు.

రెండోది, చూసినచోటే పీకాలనిపిస్తే పీకండి, కానీ ఫొటో, తేదీ అయ్యాక. నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో సహా. పూత రానిది కంపోస్టుకు, ఆచ్ఛాదనకు పనికొస్తుంది. పూత వచ్చింది వేస్తే మనమే గింజ చల్లుకున్నట్టు. ఉప్పు నీళ్ళు కొట్టమని చెప్పే వీడియోలు ఉన్నాయి, నేను మాత్రం చెప్పను. గట్టు మీద కొట్టిన ఉప్పు వానకు ఎక్కడికి పోతుందో, జీవామృతం పోసి మట్టిని కాపాడుకునే మీకు చెప్పక్కర్లేదు.

ప్రభుత్వానికి నా విన్నపం చిన్నది. ఈ-పంట నమోదుకు గ్రామ సహాయకులు ఎలాగూ ప్రతి సర్వే నంబరుకు వస్తున్నారు. ఆ ఫారంలో "గట్టు మీద వయ్యారిభామ: ఉంది / లేదు" అని ఒక్క గడి చేర్చండి. జిల్లా అంతా ఒక్క సీజన్‌లో తెలిసిపోతుంది.

వాళ్ళు చేర్చేదాకా మనం కూర్చోవాల్సిన పని లేదు. ఒక నూరు పేజీల నోట్‌బుక్, ఒక ఫోను చాలు. ఈ తొలకరికి మీ ఊరి గడి మీరు తీసుకోండి. ముందుగా ఈ మొక్క లేని ఒక గట్టు వెతికి, అక్కడ నిలబడి, తేదీ వేసి "లేదు" అని రాయండి. వచ్చే ఏడు అదే తేదీకి మళ్ళీ అక్కడికి పోవాలి.